మెమరీ పట్టని ఇల్లు

ఆదివారం కాబట్టి కళ్లద్దాల షాపుకు సెలవు. అయినా అద్దాలాయన షాపున్న రోజుకన్నా ముందే లేచాడు. లేచి, మొహమైనా కడుక్కోకుండా చిన్నగదిలోకి వెళ్లి, టేబుల్ మీద దుప్పటి కప్పి ఉంచిన కంప్యూటర్ సామానును ఒకసారి చూసుకున్నాడు. రాత్రి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మళ్లీ దుప్పటి కప్పేసి, వంటింట్లోకి వచ్చి, "ఈరోజే" అన్నాడు భార్యతో.

"తెలుసు. నిన్నా చెప్పారు, మొన్నా చెప్పారు. నిద్రలో కూడా చెప్పారు" అంది ఆవిడ, కారు తాళాలు వెతుక్కుంటూ.

ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. పక్క సీట్లో కూర్చుని, కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచి, పక్కవాళ్ల ప్రాణాన్నీ తన ప్రాణాన్నీ క్షేమంగా ఇల్లు చేర్చడం ఆవిడ పని. ఇంట్లో కూడా ఆవిడ కాలు బ్రేకు మీదే ఉంటుందని అద్దాలాయన అంటుంటాడు, ఆవిడ లేనప్పుడు. ఉద్యోగాలున్నవాళ్లు ఆదివారమే నేర్చుకుంటారు కాబట్టి, ఆవిడకు ఆ రోజు తీరికుండదు. ఆ రోజు పొద్దుట్నుంచీ పాఠాలే, చివరిది మధ్యాహ్నం ఒక బేకరీ ఆయనకు.

అద్దాలాయన ఏర్పాటు చాలా సులువైనది. మధ్యాహ్నంలోపు కంప్యూటర్ బిగించాలి. నాలుగింటికి ఆటలో కూర్చోవాలి. కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురు స్నేహితులు ఇప్పుడు తలోచోటా ఉండి, ఆదివారాలు కంప్యూటర్లోనే కలుసుకుని, కలిసికట్టుగా కోటలు పట్టుకుంటూ ఉంటారు. అందులో అద్దాలాయన కంప్యూటర్ మాత్రం ముసలిది. దాని మెమరీ ఎంత చాలనిదంటే, శత్రువు తెరమీద కనిపించేసరికి ఈయన చచ్చి చాలాసేపయ్యేది. "నువ్వు లేకపోతే మేం ముగ్గురం బాగానే ఆడుతున్నాం రా" అని ఒకడు ఎంతో మర్యాదగా చెప్పాడు కూడా. ఇప్పుడేమో పోటీ పెట్టారు. మొదటి పందెం ఆ రోజు నాలుగింటికి. జట్టులో నలుగురూ ఉండి తీరాలి, ఒక్కరు రాకపోయినా జట్టంతా ఇంటికే.

అందుకే ఆయన కొత్త కంప్యూటర్‌ను తన చేతులతో తనే కట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు. ప్రాసెసర్ ఎంచుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. మెమరీ దగ్గరకొచ్చేసరికి మాత్రం నెల గడిచింది. ఒక్క ర్యామ్ పెద్దది పెడితే మంచిదా, రెండు చిన్నవి జంటగా పెడితే మంచిదా? వేగం ఎక్కువుండాలా, నిలకడ ఎక్కువుండాలా? మదర్‌బోర్డుకు ఏది పడుతుంది, ఏది పడదు? షాపులో కళ్లు పరీక్షిస్తూ కూడా అదే ఆలోచన. ఒక పెద్దాయనకు కళ్లద్దాల పవరు చెప్పాల్సిన చోట ర్యామ్ వేగం గుర్తొచ్చి "ఆరువేలు" అని చెప్పి, ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వకుండా చేశాడు. చివరికి అన్నీ తూచి, నల్లగా, పొట్టిగా, నోరు లేనట్టుండే ఒక జంట ర్యామ్‌లను ఖాయం చేసుకున్నాడు. గాజు పలకను వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసే మనిషి కాబట్టి ఫ్యాను, భాగాలన్నీ బిగించే క్యాబినెట్ పెట్టె, టేబుల్ అన్నీ ఆ ర్యామ్ ఎత్తును బట్టే కొలిచి మరీ తెచ్చుకున్నాడు.

అప్పుడు బావమరిదితో మాట్లాడాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

బావమరిది కర్టెన్ల షాపులో పనిచేస్తాడు. ప్రపంచంలో తనకు తెలియని విషయం ఉంటుందన్న సంగతి తప్ప అన్నీ తెలుసు. "లైట్లు లేని ర్యామా? బావా, గాజు తలుపున్న క్యాబినెట్ కొనుక్కుని లోపల చీకటి పెట్టుకుంటావా?" అన్నాడు. ఆ మాట అద్దాలాయన మనసులో రెండు రోజులు దొర్లింది. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా ఆర్డరు మార్చేశాడు. వేగం అదే, రకం అదే. నెత్తిన లైట్లు మాత్రం అదనం.

ఆ లైట్ల ర్యామ్ భార్య కారెక్కి వెళ్లిన కాసేపటికి కొరియర్లో వచ్చింది. పొట్లం విప్పాడు. తెల్లటి రేకులు, పైన కోడిపుంజు జుట్టులాంటి గాజు కిరీటం. మదర్‌బోర్డు మీద పెట్టి రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కితే, టక్కుమని కూర్చున్నాయి. ఆ చప్పుడుకి ఒళ్లు పులకరించింది. పక్కన ఎవరూ లేకపోయినా "అబ్బ" అన్నాడు. ప్రాసెసర్‌ను చల్లబరచడానికి తెచ్చిన గోపురంలాంటి కూలర్‌ను దాని చోట బిగించి, దానికి ముందు ఫ్యాను తగిలించబోయాడు. అది కిందికి దిగలేదు. కాస్త నొక్కాడు. దిగలేదు. వంగి పక్కనుంచి చూస్తే, ఫ్యాను అడుగు అంచు వెళ్లి ర్యామ్ కిరీటం మీద కూర్చుని ఉంది. రెండు వేళ్ల ఎత్తు తేడా.

అన్నీ కొలిచిన మనిషి ఆ కిరీటాన్ని కొలవలేదు.

ఆదివారం. ఫ్యాను కొన్న షాపు మూసి ఉంటుంది. బావమరిదికి ఫోన్ చేస్తే, ఇది సమస్యే కాదన్నాడు. ఫ్యాను రెండు వేళ్లు పైకి జరిపి తగిలించమన్నాడు. తగిలిస్తే తగిలింది. ఆ సంతోషం బోర్డును క్యాబినెట్లో పెట్టి గాజు తలుపు మూయబోయేదాకా ఉంది. పైకి జరిగిన ఫ్యాను ఇప్పుడు తలుపుకు అడ్డం వచ్చింది. మళ్లీ ఫోన్ చేశాడు. ఇది కూడా సమస్యే కాదని, తన ఇంట్లో పాత పెద్ద క్యాబినెట్ ఊరికే పడి ఉందని, తీసుకుని వస్తున్నానని బావమరిది చెప్పాడు. ఫోన్ పెట్టేసిన కాసేపటికే స్కూటర్ మీద, కాళ్ల మధ్య చిన్న ఫ్రిజ్ అంత పెట్టెతో దిగాడు.

పెట్టె బ్రహ్మాండంగా ఉంది. ఫ్యానే కాదు, ఫ్యానుతోపాటు పావురాల జంట కూడా కాపురం చేయవచ్చు. కానీ కంప్యూటర్ టేబుల్ మీద పెట్టబోతే పైనున్న అర తగిలింది. కింద నేలమీద పెడదామన్నాడు అద్దాలాయన.

"లైట్లున్నదాన్ని కింద పెడితే ఎవరు చూస్తారు బావా, నీ మోకాళ్లా?" అన్నాడు బావమరిది.

అది నిజమే అనిపించింది. ఆ క్షణంలో ఆయనకు అన్నీ నిజమే అనిపిస్తున్నాయి. నాలుగింటి పందెం తలలో గంట కొడుతోంది. కాబట్టి హాల్లోని డైనింగ్ టేబుల్‌ను చిన్నగదిలోకి తెద్దామని, అది పట్టాలంటే గదిలోని బీరువా హాల్లోకి పోవాలని, బీరువాకు హాల్లో చోటు కావాలంటే సోఫా మెట్ల దగ్గరికి పోవాలని, బీరువా కదలాలంటే ముందు అందులోని బట్టలన్నీ తీసి సోఫా మీద వేయాలని, ఒకదాని తర్వాత ఒకటి ఇద్దరూ ఎంతో ఉత్సాహంగా తేల్చుకున్నారు. ఏ ఒక్క మాటా తప్పు కాదు. అన్నీ కలిపితే ఏమవుతుందన్నదే వాళ్లకు తట్టలేదు.

సోఫా బయటికెళ్లింది. దాని మీద చీరలు, చొక్కాలు, దుప్పట్లు గుట్టయ్యాయి. ఆ గుట్ట కింద అద్దాలాయన ఫోన్ కూడా పడిపోయింది, అది ఆయన గమనించలేదు. వెనకాలే డైనింగ్ కుర్చీలు వెళ్లాయి. బావమరిది చివరి బట్టల మూట తెచ్చి సోఫా మీద పడేసి ఊపిరి పీల్చుకుంటుండగా, కింది వాటాలో ఉండే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారన్నది అద్దాలాయనకు తర్వాతే తెలిసింది. అప్పటికి ఆయన లోపల బీరువాతో కుస్తీ పడుతున్నాడు.

ఓనరమ్మ సోఫాను చూసింది. కుర్చీలను చూసింది. బట్టల గుట్టను చూసింది.

"ఖాళీ చేస్తున్నారా?" అని అడిగింది.

బావమరిది బీరువా గురించి అనుకున్నాడు. "అవునండి. దాదాపు అయిపోయింది."

"నాతో ఒక్క మాటైనా అనలేదే."

బీరువా ఖాళీ చేయడానికి కూడా ఓనర్ని అడగాలా అని బావమరిదికి ఆశ్చర్యం వేసింది. కానీ పెద్దావిడ కదా అని మర్యాదగానే చెప్పాడు. "మేమూ అనుకోలేదండి. పొద్దున చూసుకుంటే ఉన్నదాంట్లో పట్టట్లేదు. పెద్దది కావాల్సొచ్చింది."

"ఇన్నేళ్లు పట్టింది, ఇప్పుడు పట్టట్లేదా?" అంది ఆవిడ. "పెద్దది దొరికిందా మరి?"

"నాదే ఉందండి. ఊరికే పడుంది కదా, వాడుకోమన్నాను. మా బావ దగ్గర డబ్బులేం తీసుకుంటాను?"

"ఎప్పటికి అయిపోతుంది?"

"నాలుగింటికల్లా అయిపోవాలండి. ఆ తర్వాత మా బావ ఒక్క నిమిషం కూడా ఆగలేడు."

ఓనరమ్మ మొహం ముడుచుకుని కిందికి దిగిపోయింది. ఆవిడకు ఈ దంపతులంటే ఇష్టం. ఇష్టమున్నవాళ్లు చెప్పకుండా పోతే కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ కోపంలోనే, ఇల్లు ఖాళీ అయితే చెప్పమని ఎప్పటినుంచో అడుగుతున్న డ్రమ్స్ మాస్టారికి ఫోన్ చేసి వెంటనే వచ్చి చూసుకోమంది. ఆ తర్వాత కూడా కడుపు మంట తగ్గక, అద్దాలాయన భార్యకు ఫోన్ చేసింది.

అప్పుడు ఆవిడ కారు ఊరి అవతలి వైపు ఉంది. బేకరీ ఆయన రెండో గేర్లో, రెండు చేతులతో స్టీరింగ్‌ను కావలించుకుని నడుపుతున్నాడు. ఓనరమ్మ చెప్పిన మాటలు ఆవిడ చెవికి ఈ విధంగా చేరాయి: మీ ఆయన సామానంతా బయట పెట్టేశాడు, నాలుగింటికల్లా వెళ్లిపోతాడట, మీ తమ్ముడే దగ్గరుండి మరీ పంపిస్తున్నాడు, నాతో చెప్పకపోతే పోయె, నీకైనా చెప్పాడా అమ్మా?

చెప్పాడు. "ఈరోజే" అని చెప్పాడు. పొద్దున, నిన్న, మొన్న. నెల రోజులుగా తనలో తను నవ్వుకోవడం, షాపులో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే పరధ్యానంగా మాట్లాడటం, తమ్ముడితో గుసగుసలు, ఇవన్నీ ఒక్కసారి ఆవిడ కళ్లముందు వరుసకట్టాయి. భర్తకు ఫోన్ చేసింది. అది చీరల కింద మోగి మోగి ఊరుకుంది. తమ్ముడికి చేసింది. వాడి రెండు చేతులూ ఆ సమయానికి డైనింగ్ టేబుల్ కింద ఉన్నాయి.

"ఎడమవైపు తిప్పండి" అంది ఆవిడ బేకరీ ఆయనతో. "మూడో గేరు వేయండి."

"అది మీరింకా నేర్పలేదు కదండీ?"

"ఇప్పుడు నేర్పుతున్నాను."

ఈలోగా బీరువా హాల్లోకి చేరింది, డైనింగ్ టేబుల్ మాత్రం చిన్నగది గుమ్మంలో ఇరుక్కుపోయింది. పక్కకు పడుకోబెట్టి, అద్దాలాయన లోపలినుంచి లాగుతుంటే, బావమరిది బయటినుంచి నెట్టాడు. సగం వరకు చక్కగా వచ్చింది. తర్వాత ఒక కాలు గుమ్మానికి అటూ, ఇంకో కాలు ఇటూ పట్టుకుని, ముందుకూ రానంది, వెనక్కీ పోనంది. బావమరిది మరోసారి బలంగా నెట్టేసరికి ఆ రెండో దారి కూడా మూసుకుపోయింది. అద్దాలాయన లోపల, లోకమంతా బయట. మధ్యలో పై సందు మాత్రం మనిషి తల పట్టేంత ఉంది.

రంపం తెస్తానన్నాడు బావమరిది.

"అది మీ అక్క టేబుల్" అన్నాడు అద్దాలాయన. ఆ ఒక్క మాట చాలింది. సాయానికి ఎవరినైనా పట్టుకొస్తానని బావమరిది వెళ్లిపోయాడు.

అద్దాలాయన గదిలోని మంచం అంచున కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి ఆయనకు చేయడానికి ఏమీ లేదు, చెప్పేవాళ్లూ లేరు. ఊరికే కూర్చోలేక మదర్‌బోర్డును ఒళ్లోకి తీసుకుని, షాపులో పగిలిన ఫ్రేమును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూడసాగాడు.

బయట అడుగుల చప్పుడయింది. సందులోంచి చూస్తే జులపాల జుట్టున్న ఒకాయన, ఆయన వెనక ఒకావిడ. బావమరిది పంపిన సాయం ఇంత త్వరగా వచ్చిందా అని అద్దాలాయన సంబరపడ్డాడు. వాళ్లు డ్రమ్స్ మాస్టారూ, ఆయన భార్యా అని ఆయనకు తెలిసే అవకాశం లేదు.

"నమస్కారమండి. ఈ గది ఎంత ఉంటుంది?" అని అడిగాడు మాస్టారు, సందులోంచి తల పెట్టి.

"గది సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు గుమ్మం సంగతి చూడండి. ఇదే ఇరుకు."

"గుమ్మం కావాలంటే పెద్దది చేయించుకోవచ్చు లెండి. ఇక్కడ శబ్దం చేస్తే ఎవరూ ఏమీ అనుకోరుగా?"

టేబుల్ లాగేటప్పుడు వచ్చే శబ్దం గురించి ఈయనకు ఎంత శ్రద్ధో అనుకున్నాడు అద్దాలాయన. "ఎంత కావాలంటే అంత చేయండి. ఆదివారం పూట ఎవరేమంటారు?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. డ్రమ్స్ వాయించేవాడికి ఇల్లు చూడబోయిన చోట ఇంత మంచి మాట ఎవరూ చెప్పి ఉండరు. భార్యను పిలిచి ఏదో గుసగుసలాడి, హాలు చూడటానికి వెళ్లాడు. టేబుల్ ఎత్తుతారేమోనని అద్దాలాయన కాసేపు ఎదురుచూశాడు. ఎత్తలేదు. సాయానికొచ్చినవాళ్లు ఇల్లంతా చూసి గాని పని మొదలుపెట్టరు కాబోలనుకుని, మళ్లీ కూలర్‌ను ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు కనిపించింది. ఫ్యానును పట్టి ఉంచే కమ్మీ తగులుకోవడానికి గోపురానికి ముందువైపు చిన్న గాడి ఉంది. వెనకవైపు కూడా అచ్చం అలాంటిదే ఇంకో గాడి ఉంది. ముందున్న ఫ్యాను గాలిని నెడుతుంది. వెనకుంటే లాగుతుంది. గాలికి ఎటైతే ఏమిటట? వెనకవైపు ర్యామ్ లేదు, కిరీటం లేదు, అడ్డమే లేదు. ఫ్యానును విప్పి వెనక్కి తగిలించాడు. తగిలింది. బోర్డును తను కొన్న చిన్న క్యాబినెట్లోనే బిగించాడు. పట్టింది. గాజు తలుపు మూశాడు. మూసుకుంది, అదీ ఒక్క వేలితో. వైర్లన్నీ కలిపేసరికి ఆయనకు కాళ్లు నేలమీద ఆనలేదు.

హాల్లో ఆ సమయానికి ముఖ్యమైన మాటలు జరుగుతున్నాయి. ఓనరమ్మ పైకి వచ్చి మాస్టారికి ఇల్లిస్తానని మాట ఇచ్చేసింది. ఎవరూ దొరక్క ఒట్టి చేతులతో తిరిగొచ్చిన బావమరిది, ఎవరో ఇద్దరు కిటికీల గురించి మాట్లాడుకుంటుంటే విని, వాళ్లెవరు, అక్క ఇంటి కిటికీలతో వాళ్లకేం పని అని అడగకుండా, అలవాటు కొద్దీ జేబులోంచి టేపు తీసి, కర్టెన్లకు కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారి భార్య లేత ఆకుపచ్చ అంది. దానికి అంచు ఉంటే బాగుంటుందని బావమరిది అంటున్నాడు.

సరిగ్గా అప్పుడు సందులోంచి అద్దాలాయన తల బయటికొచ్చింది.

"సరిపోయింది. ఇంక ఏమీ మార్చక్కర్లేదు. ఉన్నదాంట్లోనే హాయిగా పట్టేసింది" అన్నాడు. "సామానంతా మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేద్దాం."

ఓనరమ్మ మాస్టారి వైపు చూసింది. మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ బావమరిది టేపు వైపు చూసింది.

"ఇదేమైనా ఆటా?" అంది ఓనరమ్మ. "ఇందాకేమో పోతామంటారు, ఇప్పుడేమో ఉంటామంటారు. నేను వీళ్లకు మాట ఇచ్చేశాను."

ఏం మాట, ఎవరు పోతామన్నారు అని అద్దాలాయన అడగబోతుండగా కింద కారు ఆగిన చప్పుడయింది. అది ఆగిన తీరు చూస్తే బ్రేకు టీచరు వేసినట్టే ఉంది. మెట్లమీద తన చీరల గుట్టను దాటుకుని ఆవిడ లోపలికొచ్చింది. వెనకాలే తలుపంత వెడల్పున్న బేకరీ ఆయన, మూడో గేరు చూసి వచ్చిన మనిషికుండే వెలుగుతో. హాల్లో ఎవరెవరో ఉన్నారు. తమ్ముడు కిటికీ ఎక్కి ఉన్నాడు. వాళ్లెవరినీ ఆవిడ పట్టించుకోలేదు. నేరుగా గుమ్మం దగ్గరికెళ్లి భర్త తలకు ఎదురుగా నిలబడింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"నేనా?" అన్నాడు అద్దాలాయన. "బాత్రూముకి. ఈ టేబుల్ తీస్తే."

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఓనరమ్మ విన్నది చెప్పింది. బావమరిది అన్నది చెప్పాడు. ఖాళీ అయింది బీరువా అని తేలగానే ఓనరమ్మ కుర్చీ కోసం చుట్టూ చూసింది. కుర్చీలు మెట్లమీద ఉన్నాయి. అద్దాలాయన భార్య మాత్రం దారిని వెనక్కి తవ్వుకుంటూ వెళ్లింది. సోఫా ఎందుకు బయటుంది? బీరువా కోసం. బీరువా ఎందుకు కదిలింది? టేబుల్ కోసం. టేబుల్? పెట్టె కోసం. పెట్టె? ఫ్యాను కోసం. ఫ్యాను? ర్యామ్ ఎత్తుగా ఉందని. ర్యామ్ ఎందుకు ఎత్తుగా ఉంది? లైట్లున్నాయని. లైట్లు ఎవరు పెట్టమన్నారు?

కిటికీ మీద టేపు సర్రున చుట్టుకుంది.

"మీరు చెప్పకుండా వెళ్లిపోతున్నారనుకున్నాను" అంది ఆవిడ నెమ్మదిగా.

"నీకు చెప్పకుండా నేనెప్పుడు ఏం చేశాను?"

"లైట్ల ర్యామ్ కొన్నారు."

అంతలో బేకరీ ఆయన, కాస్త జరగమని అందరికీ చెప్పి, టేబుల్ను ఒకసారి కిందికి వంచి, సగం తిప్పి, పొయ్యిలోంచి రొట్టెల పళ్లెం లాగినట్టు బయటికి లాగేశాడు. గుమ్మానికి చిన్న గీత కూడా పడలేదు.

నాలుగు కావస్తోంది. ఇప్పుడిక ఎవరికీ ఇంటికెళ్లాలని లేదు. ఇంత గొడవకు కారణమైన వస్తువు పనిచేస్తుందో లేదో చూడకుండా ఎలా కదులుతారు? అందరూ చిన్నగదిలో కిక్కిరిసి నిలబడ్డారు. ఓనరమ్మకు మంచం మీద చోటిచ్చారు. అద్దాలాయన రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. ర్యామ్ కిరీటాలు నీలంగా, ఊదాగా, నారింజగా వెలిగాయి. ఓనరమ్మ "ఆహా" అంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. నల్లగానే ఉంది. ఒకసారి ఆపేసి మళ్లీ వేద్దామంటూ బావమరిది చెయ్యి చాచాడు. అక్క ఆ చేతిని గాల్లోనే పట్టేసుకుంది.

"ముట్టుకోకు" అన్నాడు అద్దాలాయన. కొత్త మెమరీ మొదటిసారి తనను తాను సరిచూసుకుంటుందనీ, ఆ కాసేపూ తొందరపడకూడదనీ ఆ నెల రోజుల్లో ఎక్కడో చదివాడు. చదివింది నిజం కావాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాడు. అప్పుడు తెర ఒక్కసారి మిణుకుమని, వెలిగింది. పాత కంప్యూటర్ నుంచి తీసి పెట్టిన డిస్కులోని ఆట, ఎన్నడూ లేని వేగంతో, కన్ను మూసి తెరిచేలోగా ఎదురుగా వచ్చి నిలబడింది.

పందెం మొదలైంది. అద్దాలాయనకు మొట్టమొదటిసారి తను బతికుండగానే శత్రువు కనిపించాడు. ముందు నమ్మలేదు. తర్వాత కొట్టాడు. చెవుల్లో స్నేహితుల గొంతులు, "ఆడుతున్నది నువ్వేనా? నీ చోట ఎవర్నైనా కూర్చోబెట్టావా?" అని. గోడెక్కాడు, దూకాడు, దూరం నుంచి వస్తున్నవాణ్ని వాడు రాకముందే చూశాడు. వెనక బేకరీ ఆయన "కుడివైపు, కుడివైపు" అంటున్నాడు. మాస్టారు మంచం పట్టె మీద వేళ్లతో దరువేస్తుంటే అది పందేనికి తగ్గట్టు ఊపందుకుంది. ఓనరమ్మకు ఆట అర్థం కాలేదు గానీ ఎదుటి జట్టు ఎర్ర టోపీవాళ్లు చావాలని మాత్రం గట్టిగా కోరుకుంది. చివరికి కోట మీద తమ జెండా ఎగిరినప్పుడు, అద్దాలాయన కుర్చీలోంచి లేచి ఎదురుగా ఉన్నవాళ్లను కావలించుకున్నాడు. ఆ ఉన్నది బేకరీ ఆయన కావడంతో కాసేపు కనిపించకుండా పోయాడు.

అందరూ కాస్త స్థిమితపడ్డాక ఓనరమ్మ గొంతు సవరించుకుంది. ఇందాక పొరపాటు పడ్డ మాట నిజమేననీ, ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదనీ, మాస్టారికి తనే సర్ది చెప్పుకుంటాననీ అంది. మాస్టారు కూడా పెద్ద మనసుతో తలూపాడు. అద్దాలాయన గుండెల మీంచి బరువు దిగి, "అదే కదా, ఇందులోనే అన్నీ పట్టేశాయి" అంటూ భార్య వైపు తిరిగాడు.

ఆవిడ గుమ్మం దగ్గర మాస్టారి భార్యతో తలవంచి మాట్లాడుతోంది. పందెం మొదలైనప్పటినుంచీ వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. డ్రమ్స్ చప్పుడు భరించలేమని పక్కవాళ్లు గొడవ చేస్తుంటే వాళ్లు తమ ఇల్లు వదిలేస్తున్నారట. ఆ ఇల్లు డ్రైవింగ్ స్కూలుకు రెండడుగుల్లో ఉందట. దానికి పెద్ద గేటుందట.

"ఖాళీ చేస్తున్నాం" అంది ఆవిడ.

"బీరువానా?" అన్నాడు అద్దాలాయన, ఆశగా.

"ఇల్లు."

"మరి ఇందులోనే పట్టేసింది కదా?"

"మీ కంప్యూటర్ పట్టింది. నా కారు పట్టలేదు. రోజూ రెండు వీధుల అవతల పెట్టి నడిచొస్తున్నాను, ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. చూశానని చెప్పే ధైర్యమూ లేదు. ఓనరమ్మ ముందు చిన్నబుచ్చుకుంది. తర్వాత ఇందాకటి తన కోపం వృథా పోనందుకు కొంత తేరుకుంది. తనకు ఒక చెవి ఎటూ వినిపించదు కాబట్టి డ్రమ్స్‌తో ఇబ్బందేమీ లేదని మాస్టారికి అప్పుడే చెప్పింది కూడా.

ఆ నెలాఖరుకే అద్దాలాయన వాళ్లు మాస్టారి పాత ఇంట్లోకి మారారు. సామాను మోయడానికి బేకరీ ఆయన వచ్చాడు. బావమరిదిని మాత్రం అంతా సర్దుకున్నాక భోజనానికి పిలిచారు.